ఆదివారం మొదటి దోశ

మా పెళ్లయి పదకొండేళ్లు. ఊళ్లో ఉన్న ప్రతి ఆదివారం పొద్దున మేం చేసే పని ఒక్కటే, నయీంనగర్ నుంచి బయల్దేరి కాజీపేట ఫాతిమానగర్‌లో ఉన్న అమ్మవాళ్లింటికి వెళ్లి టిఫిన్ తినడం. నేను, మా ఆయన, మా బాబు. వెళ్లేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. గేటు తీస్తుండగానే పెనం మీద చుయ్‌మన్న చప్పుడు వినిపిస్తుంది. "వచ్చిండ్రా, కూసోండి, వేడివేడిగ తినుర్రి" అని అమ్మ వంటింట్లోంచే కేకేస్తుంది. ఆఫీసులో ఎవరైనా ఆదివారం ఏం చేశారని అడిగితే మా అమ్మ దోశల గురించే గొప్పగా చెప్పేదాన్ని.

పోయిన జనవరిలో ఒక ఆదివారం పల్లీ చట్నీ అయిపోయిందని గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అమ్మ కుడికాలు నేల మీద నుంచి కొంచెం ఎత్తి, ఎడమ చేయి గట్టు మీద ఆనించి, బరువంతా ఆ చేతి మీదే వేసి నిలబడి దోశ తిరగేస్తోంది. నన్ను చూడగానే కాలు కింద పెట్టింది. ఏమైందమ్మా అంటే "ఏం లేదు, నువ్వు పో, చల్లారుతయి" అంది. నేను కదల్లేదు. అప్పుడు చెప్పింది, మోకాళ్లు అరిగాయని డాక్టర్ చెప్పి నెల దాటిందట, ఎక్కువసేపు నిలబడొద్దన్నాడట, బాపుకు కూడా చెప్పలేదట.

ఆ రోజు నేను మళ్లీ డైనింగ్ టేబుల్ దగ్గరికి పోలేదు. అక్కడే నిలబడి చూశాను. మొదటి దోశ మా బాబుకు పోతుంది, తర్వాత బాపుకు, తర్వాత అల్లుడికి, తర్వాత నాకు, మళ్లీ బాబుకు. మొత్తం పదిహేడు దోశలు పోసింది. గంటా పది నిమిషాలు నిలబడే ఉంది. అందరూ చేతులు కడుక్కున్నాక పిండి గిన్నె అడుగున మిగిలింది నీళ్లతో కలిపి చిన్న దోశ ఒకటి పోసుకుంది. అప్పటికి చట్నీ లేదు. మామిడికాయ తొక్కు కొంచెం వేసుకుని, గట్టుకు ఆనుకుని నిలబడే తినేసింది. ఇది ఆ ఒక్క రోజు జరిగింది కాదు కదా. నేను పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లో దోశ ఇట్లాగే జరుగుతోంది, నేను తినే వైపు నుంచే చూశాను తప్ప పోసే వైపు నుంచి ఒక్కసారీ చూడలేదు. శనివారం మధ్యాహ్నం నానబెట్టడం, సాయంత్రం గ్రైండర్, రాత్రి చలికి పిండి పులవదని గిన్నెకు పాత తువ్వాలు చుట్టి పొయ్యి పక్కన పెట్టడం, పొద్దున ఐదింటికి లేచి చట్నీలు. మాకు సెలవు రోజంటే అమ్మకు డబుల్ డ్యూటీ.

నేను చేసిపెట్టొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. ప్రయత్నించాను. తర్వాతి ఆదివారం నేనే పొయ్యి దగ్గర నిలబడ్డాను, అమ్మను కుర్చీలో కూర్చోమన్నాను. రెండో దోశకే లేచి వచ్చింది. మంట ఎక్కువైందంది, పిండి పల్చగా ఉందంది, చివరికి నా చేతిలోంచి గరిటె తీసుకుంది. తన వంటింట్లో తను కూర్చోలేదు. ఎవరు ఎంత చెప్పినా ఆమె వల్ల కాదు. ఆ గది ఎదురుగా ఉన్నంతసేపు కాళ్లు అటే పోతాయి. అందుకని ఇంట్లోంచే బయటికి తీసుకుపోవాలని అనుకున్నాను. ఆదివారం పొద్దున ఆ ఇంట్లో పొయ్యి వెలగొద్దు, అంతే.

ఇద్దరూ ఒప్పుకోలేదు. "బయట నూనె ఎట్లాంటిదో ఏమో, ఇంట్ల పిండి పెట్టుకొని హోటళ్ల పొంటి తిరుగుడేంది బిడ్డా?" అని అమ్మ. బాపు సంగతి వేరు. ఆయన కాజీపేటలో రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యారు, ఎక్కువ కాలం షిఫ్టు డ్యూటీలే. పొద్దున ఆరింటి డ్యూటీ ఉంటే అమ్మ నాలుగింటికి లేచి డబ్బా కట్టేది, నైట్ డ్యూటీ దిగి వస్తే ఏడింటికి వేడి టిఫిన్ పెట్టేది. బయట తినడమంటే ఆయనకు ఇల్లు లేనివాళ్లు చేసే పని. నేను మోకాళ్ల సంగతి చెప్పాకే మెత్తబడ్డారు. అమ్మ వైపు చాలాసేపు చూసి, "నాకెందుకు చెప్పలే" అని ఒక్క మాటన్నారు.

మొదటిసారి పెద్ద పొరపాటు చేశాను. మంచిగా చూపించాలని హనుమకొండలో కొత్తగా పెట్టిన ఒక కేఫ్‌కు తీసుకుపోయాను, పేరు ఎందుకులెండి. అద్దాల గోడలు, ఏసీ, పూల కుండీలు. పదింటికి వెళ్లాం. ముప్పావు గంట అయినా టేబుల్ మీదికి ఏమీ రాలేదు. సోఫాలు ఎంత కిందికి ఉన్నాయంటే అమ్మ కూర్చునేటప్పుడే నా భుజం గట్టిగా పట్టుకుంది, లేచేటప్పుడు ఇద్దరం పట్టి లేపాల్సి వచ్చింది. మెనూ కాగితం లేదు, ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసుకోవాలి. ఆ చిన్న అక్షరాలు బాపుకు కనపడక "నువ్వే చెప్పు బిడ్డా, నాకేదైనా ఒకటే" అన్నారు. ఆయనకు టీకి బదులు కప్పుచినో తెప్పించాను. పైన నురగతో పువ్వు బొమ్మ వేసి తెచ్చారు, ఒక గుటక తాగి పక్కన పెట్టేశారు, చల్లగుందని. శాండ్‌విచ్‌లో బ్రెడ్డు గట్టిగా ఉండి అమ్మ అంచులన్నీ తీసేసి లోపలి ముద్ద తింది. పాట ఎంత గట్టిగా పెట్టారంటే ఒకరి మాట ఒకరికి వినపడలేదు. బిల్లు పదిహేను వందలు దాటింది. అమ్మ బయటికి వచ్చాక మెల్లగా, "గీ పైసలకు పది కిలోల మినప్పప్పు వస్తుండె" అంది. ఇంటికి వెళ్లాక ఆకలిగా ఉందని బాపు చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది. ఉప్మా చేసింది, నిలబడే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత తెలుసుకున్న సంగతులు రెండు చెప్తాను, నాలాగా పెద్దవాళ్లను తీసుకుపోయేవాళ్లకు పనికొస్తాయి. కప్పుచినో చల్లగా ఉండటం వాళ్ల తప్పు కాదు. దానికి పాలను 60 నుంచి 65 డిగ్రీల దాకానే ఆవిరితో కాస్తారు, 70 దాటితే పాలలోని తీపి పోయి మాడిన వాసన వస్తుంది. మన టీ పొంగి పొంగి మరిగినది కాబట్టి ఆ వేడికి అలవాటైన నాలుకకు ఇది గోరువెచ్చగా తగులుతుంది. బాగా వేడిగా కావాలని ముందే అడిగితే చేసిస్తారు. నేను అడగలేదు. ఇంకోటి, బిల్లులో సర్వీస్ చార్జ్ అని కలిపారు, నేను నోరు మూసుకుని కట్టేశాను. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవ్వడం, ఇవ్వకపోవడం మన ఇష్టం. తీసేయమని అడిగితే తీసేయాలి. అసలు తప్పు మాత్రం నాదే. నాకు నచ్చే చోటుకు అమ్మను తీసుకుపోయాను.

రెండో వారం దానికి పూర్తిగా ఎదురు వైపు వెళ్లాను. సుబేదారిలో ఒక టిఫిన్ సెంటర్, పొద్దున ఏడింటికి. ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి మొహానికి కొడుతుంది, తడిబట్ట మీంచి ఒక్కొక్కటి తీసి ప్లేటులో వేస్తారు, పైన కారప్పొడి, నెయ్యి. బాపు మొహం వెలిగిపోయింది. నాలుగు ఇడ్లీలు, ఒక వడ, చాయ్. అయిదుగురం కలిపి మూడు వందలు కాలేదు. కానీ అక్కడ నిలబడి తినాలి. అమ్మ నిలబడొద్దనే కదా ఇదంతా. అక్కడి అక్క అమ్మ నడక చూసి లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి వేసింది, ఆమె పిల్లలు చల్లగుండాలి. అయినా రోడ్డు పక్కన స్టూల్ మీద కూర్చుని, ప్లేటు ఒళ్లో పెట్టుకుని తింటున్న అమ్మను చూస్తే నాకు మనసొప్పలేదు. ఒక్కటి మాత్రం అక్కడే తెలిసింది. ఇడ్లీ మీది కారం ఎర్రగా మంటలా ఉంది, నేను భయపడి దులిపేశాను, అమ్మ వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుని "ఇది చపాటా మిరప బిడ్డా, రంగే గానీ మంటుండదు" అంది. నిజమే. మన వరంగల్ చపాటాకు 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, పొట్టిగా లావుగా ఉండటంతో టమాటా మిర్చి అని కూడా అంటారు. పుట్టినప్పటి నుంచి మిర్చికి పేరున్న ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో ఉండి కూడా నాకు తెలియదు. ఇంట్లో ఎప్పుడూ ఈ మాటలు రాలేదు, ఎందుకంటే ఇంట్లో టిఫిన్ టైముకు అమ్మ మా పక్కన కూర్చునేదే కాదు.

మూడో వారానికి నాకు కొంచెం బుద్ధి వచ్చింది. ముందే శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రెండు మూడు చోట్లకు వెళ్లి చూసుకున్నాను. వంట చూడలేదు, కుర్చీలు చూశాను. మామూలు ఎత్తులో ఉండాలి, చేతులు ఉండాలి, లేచేటప్పుడు పట్టుకోవడానికి. మెట్లు ఎన్ని ఉన్నాయి, బాత్‌రూం ఎక్కడుంది, పొద్దున ఎన్నింటికి తెరుస్తారు. ఇట్లా అడుగుతుంటే ఒకచోట కౌంటర్‌లో బాబు నవ్వి "మేడం, అందరూ మెనూ అడుగుతారు, మీరు కుర్చీలు అడుగుతున్నారు" అన్నాడు. భద్రకాళి గుడి వైపు పోయే దారిలో ఉందది. చిన్నదే, ఎనిమిది టేబుళ్లు, చెక్క కుర్చీలు, దోశ పోసే చోటుకు మధ్యలో గోడ తీసేసి అద్దం పెట్టారు. పొద్దున ఏడింటికే మొదలవుతుందన్నాడు. ఎనిమిది లోపు వస్తే ఖాళీగా ఉంటుందని, తొమ్మిది దాటితే పదకొండు దాకా టేబుల్ దొరకదని తనే చెప్పాడు.

ఆ ఆదివారం ఆరున్నరకే బయల్దేరాం. ముందు అమ్మవారి దర్శనం. ఆ టైముకు లైన్ కూడా లేదు. ఫిబ్రవరి మొదటి వారం, చెరువు మీద మంచు ఇంకా పోలేదు, బండ్ మీద నడిచేవాళ్లు మంకీ క్యాపుల్లో ఉన్నారు. అమ్మ పట్టుచీర కట్టుకుంది, బయట టిఫిన్‌కు కాదు, గుడికి అని చెప్పింది. గుడికి వెళ్లి అక్కడి నుంచి టిఫిన్‌కు పోతే ఆమెకు అది హోటల్‌కు పోయినట్టు అనిపించడం లేదని నాకప్పుడు అర్థమైంది. తర్వాత చాలా వారాలు ఇదే పద్ధతి పెట్టుకున్నాను.

అద్దం పక్క టేబుల్ దొరికింది. అమ్మను అటు వైపు కూర్చోబెట్టాను. టీవీ చూసినట్టు చూసింది ఆమె ఆ పెనాన్ని. మా ఇంటి పెనం మీద ఒక్క దోశ పడుతుంది, ఇక్కడి పెనం మా డైనింగ్ టేబుల్‌లో సగం ఉంది, నాలుగు దోశలు ఒక్కసారే. మాస్టర్ నీళ్లు చల్లాడు, ముత్యాల్లా అటూ ఇటూ పరిగెత్తాయి, చీపురుతో ఒక్క తుడుపు, వెంటనే గరిటెడు పిండి నడిమధ్య పోసి చేయి ఎత్తకుండా గుండ్రంగా తిప్పుకుంటూ అంచు దాకా తెచ్చాడు. "ఆ నీళ్లు ఎందుకు చల్లిండో తెలుసా?" అని అమ్మ మా బాబును అడిగింది. వాడు తెలియదన్నాడు. "పెనం మస్తు కాలితే పిండి గరిటెకే అంటుకుంటది, పరుచుకోదు. నీళ్లు చల్లితే కొంచెం చల్లబడ్తది. నేను ఉల్లిగడ్డ కోసి నూనెల ముంచి రుద్దుత, అదీ గిందుకే" అంది. నాకు నలభై దగ్గర పడుతోంది. ఉల్లిగడ్డ ఎందుకు రుద్దుతుందో నేను ఎన్నడూ అడగలేదు.

మొదటి దోశ వచ్చింది. కౌంటర్ బాబు తెచ్చి టేబుల్ మధ్యలో పెట్టాడు. అమ్మ చేయి దానంతట అదే లేచి ప్లేటును మనవడి వైపు తోసింది. నేను మళ్లీ ఆమె వైపు జరిపాను. "వానికి పెట్టు, ఆకలి మీదున్నడు" అంది. అప్పుడు బాపు, అప్పటిదాకా ఏమీ మాట్లాడని మనిషి, "తిను. వాడు ఆగుతడు" అన్నారు.

ఆ దోశ నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. మధ్యలో ఎర్రగా, అంచుల దగ్గరికి వచ్చేసరికి బంగారు రంగులో తేలిపోయి, గరిటె తిరిగిన గీతలు గ్రామఫోన్ ప్లేటు మీద గీతల్లా ఒకదాని పక్కన ఒకటి. మీద వెన్న ముద్ద ఇంకా పూర్తిగా కరగలేదు, ఒక పక్కకు జారుతోంది. అమ్మ అంచు విరిచింది, చిటుక్కుమంది. లోపలి వైపు మెత్తగా ఉంది, సన్న సన్న రంధ్రాలు, వాటిలోంచి ఆవిరి. చట్నీ ముట్టలేదు. ఉట్టిదే నోట్లో పెట్టుకుని కాసేపు నమిలింది. "ఇట్లుంటదా" అంది. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమయ్యి ఏం మాట్లాడాలో తెలియలేదు. వేల దోశలు పోసిన మనిషి, పెనం మీంచి దిగిన నిమిషంలో, కూర్చుని, తొందర లేకుండా తినడం అదే మొదటిసారి కావచ్చు. చల్లారిన దోశే ఆమెకు తెలిసిన దోశ. మా ఆయన తల కిందికి వేసుకుని సాంబార్ కలుపుతూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి వచ్చింది. అన్నీ ఒకేసారి ఆర్డర్ ఇవ్వం. ఒకసారి రెండు ఐటమ్‌లే చెప్తాం, అవి తిన్నాక తర్వాతవి. అయిదు దోశలు కలిపి చెబితే మొదటివి కౌంటర్ మీద చివరి దాని కోసం ఎదురుచూస్తూ మెత్తబడతాయి. మైసూర్ బోండా అయితే ఇంకా ఘోరం, దిగిన పది నిమిషాల్లో తినాలి, తర్వాత రబ్బరు. పూరీ పొంగు కూడా టేబుల్ దాకా రావాలంటే పొయ్యికి దగ్గరి టేబుల్ అయ్యుండాలి. సాంబార్ విడిగా ఇవ్వమంటాం. మనవైపు చాలాచోట్ల పల్లీ చట్నీ, అల్లం చట్నీ ఇస్తారు, కొన్నిచోట్ల కొబ్బరి చట్నీ కూడా ఉంటుంది. కొబ్బరి చట్నీ ఎండాకాలం పది దాటితే పుల్లబడుతుంది, అమ్మ ముందు వాసన చూస్తుంది, బాగాలేకపోతే మమ్మల్ని కూడా ముట్టనివ్వదు.

తర్వాత నెలల్లో ఊరంతా తిరిగాం. శివరాత్రి పోయిన వారం వేయిస్తంభాల గుడికి వెళ్లాం. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, మా స్కూలు నుంచి ఏటా తీసుకెళ్లేవాళ్లు, కానీ తర్వాత చాలా ఏళ్లు కల్యాణ మండపం రాళ్లన్నీ విప్పి పెట్టి ఉండేవి. అది మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచాక అమ్మ చూడనే లేదు. చల్లటి రాతి మీద అరగంట కూర్చుంది, లేవనంది. అక్కడి నుంచి చౌరస్తా దగ్గర ఉప్మా పెసరట్టు. బాపు కోసం ఒక ఆదివారం వరంగల్ స్టేషన్ రోడ్డు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. డికాక్షన్ మూత బిగించి సన్న మంట మీద గంటలు గంటలు పెడతారు, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాగుతాయి, కప్పులో రెండూ కలుస్తాయి. అందుకే ఇంట్లో ఎంత మరిగించినా ఆ రుచి రాదు. బాపు సాసర్‌లో పోసుకుని తాగారు. నైట్ డ్యూటీ దిగాక ఫ్రెండ్స్‌తో తాగిన చాయ్‌లు, పొగమంచులో గంటలు ఆలస్యంగా వచ్చిన ఢిల్లీ బండ్లు, అవన్నీ ఆ రోజు చెప్పారు. మా బాబు నోరు తెరుచుకుని విన్నాడు, తాత రైలు పక్కన ఇంత కాలం ఉన్నాడని వాడికి అప్పుడే తెలిసింది.

ఇంకో వారం చిరుధాన్యాల టిఫిన్లు పెట్టే చోటుకు వెళ్లాం. జొన్న ఇడ్లీ బాగుంది, రాగి జావ బాగుంది. సర్వపిండి అని బోర్డు మీద చూసి అమ్మ అడిగి తెప్పించుకుంది. పెనం మీద పలుచగా రొట్టెలా కాల్చి తెచ్చారు. అమ్మ ఒక ముక్క తిని పక్కన పెట్టింది. వడ్డించే అమ్మాయి ఎట్లుందమ్మా అని అడిగితే, అమ్మ అబద్ధం చెప్పలేదు, "పిండి మంచిగనే కలిపిండ్రు బిడ్డా, నువ్వులు, పల్లీలు, శనగపప్పు అన్నీ సరిపోయినయి, గని ఇది సర్వల పెట్టాలె" అంది. అయిదు నిమిషాలకు లోపల్నుంచి వంట చేసే ఆవిడే వచ్చి టేబుల్ పక్కన నిలబడింది. అమ్మ కూర్చునే చెప్పింది. సర్వ అంటే లోతు గిన్నె, దాంట్లో నూనె రాసి, పిండి చేత్తో గోడల దాకా వత్తి, వేలితో అక్కడక్కడా రంధ్రాలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద ఉంచాలని. ఒకటి దించాక ఆ గిన్నె బోర్లించి మీద నీళ్లు పోసి చల్లార్చుకున్నాకే రెండోది వత్తాలని, వేడి గిన్నెలో వత్తితే చేయి కాలుతుందని, పిండి కూడా సరిగా పరుచుకోదని, అందుకే రెండు గిన్నెలు పెట్టుకుంటే పని సాగుతుందని. ఆవిడ శ్రద్ధగా విని, "మా అత్తమ్మ గిట్లనే చేస్తుండె, ఇక్కడ జల్దీ కావాలని పెనం మీదేస్తున్నం" అంది. మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్తే గిన్నెలోదే పెట్టారు. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా. ఆ రోజు అమ్మ కారులో ఇంటికి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది.

అన్ని ఆదివారాలూ ఇట్లా జరగలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు ఎనిమిదింటికే ఒళ్లు మండిపోయేది, రెండు మూడు వారాలు మానేశాం. ఒకసారి మా బాబుకు జ్వరం. ఒకసారి బాపు పెన్షన్ పని మీద చిరాకుగా ఉండి రానన్నారు, అమ్మ ఆయన్ను వదిలి రానంది, ఇడ్లీ పార్సిల్ తెచ్చాను, ప్లాస్టిక్ డబ్బాలో చెమట పట్టి మెత్తగా తయారయ్యాయి. పార్సిల్ టిఫిన్ వద్దని అప్పుడే తేల్చుకున్నాం.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి, చాలామంది దాని గురించే ఆగిపోతారు. టిఫిన్ సెంటర్లలో అయితే అయిదుగురికి మూడు వందల లోపు, కూర్చునే కేఫ్‌లో ఆరు నుంచి ఎనిమిది వందలు. నెలకు మూడు వేలు పక్కన పెట్టుకున్నాను. మొదట్లో అమ్మకు బిల్లు కనపడకుండా చేతులు కడుక్కునే నెపంతో ముందే పోయి కట్టేసేదాన్ని. ఒక రోజు పట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను. ఇంటికి వెళ్లి గ్యాస్, మినప్పప్పు, నూనె, కరెంటు అన్నీ లెక్కేసి, "మనింట్ల కూడ రెండు వందలు అయితుండె తియ్యి" అంది. ఆమె పనికి ఎంత వేసుకుందని అడిగాను. దానికి లెక్కేంది అంది. తర్వాతి నెల నుంచి రెండో ఆదివారం బిల్లు బాపు కట్టడం మొదలుపెట్టారు. నేను వద్దంటే, "మీ అమ్మకు నేను పెడుతున్న, నీకేంది నడుమ" అన్నారు.

బాపు గురించే నేను తప్పుగా అనుకున్నాను. ఆయన ఇంటి టిఫిన్ వదలరని, ఈ తిరుగుడు ఎన్నో రోజులు సాగనివ్వరని. ఇప్పుడు శనివారం రాత్రి ఫోన్ చేసి రేపు ఎటు అని ముందుగా అడిగేది ఆయనే. ఒకసారి కారు పక్కన ఇద్దరమే ఉన్నప్పుడు, "ముప్పై ఏళ్లు నేను వేడిది తిన్న బిడ్డా. ఆమె తిన్నదా లేదా అని సూడలే. డ్యూటీకి పోవాలనే తొందరే గని" అన్నారు. నేనూ చూడలేదు బాపూ అన్నాను. అంతే, అమ్మ వచ్చి కారెక్కింది.

మోకాళ్లు బాగయ్యాయని చెప్పను, అరిగినవి అరిగినవే. ఫిజియోథెరపీ చేయించుకుంటోంది, వారం మధ్యలో ఇంట్లో వంట మామూలే, పొయ్యి పక్కన ఎత్తు స్టూల్ ఒకటి కొనిపెట్టాను, కొన్నిసార్లు కూర్చుంటుంది. శనివారం మధ్యాహ్నం మాత్రం పప్పు నానబెట్టడం లేదు. గ్రైండర్ మీద గుడ్డ కప్పి ఉంది.

పోయిన ఆదివారం మళ్లీ భద్రకాళి దారిలో ఆ అద్దం టేబుల్ దగ్గరికే వెళ్లాం. వాన పడి ఆగింది, లోపలంతా నెయ్యి వాసన. కౌంటర్ బాబుకు మేం అలవాటైపోయాం, కుర్చీ తనే లాగి పెడతాడు. ఆర్డర్ చెబుదామని నేను నోరు తెరిచేలోపే అమ్మ అతని వైపు తిరిగింది.

"బాబూ, నాకు ఉల్లి దోశ, మంచిగ ఎర్రగ కాల్చమను. నాది ముందు తీసుకరా, వీళ్లది మెల్లగ తెచ్చినా ఏం గాదు."

మా బాబు నా మొహం చూశాడు. బాపు పేపర్ మడిచి పక్కన పెట్టారు. దోశ ఏడెనిమిది నిమిషాలకు వచ్చింది, ఉల్లిముక్కలు అంచుల్లో మాడి తీపి వాసన వేస్తూ. అమ్మ మా ఎవరి వైపూ చూడకుండా ప్లేటు దగ్గరికి లాక్కుని అంచు విరిచింది.